కొత్వాల్‌గూడ సముద్రమును గూర్చి పర్యాటక శాఖవారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖాధికారులవారి సముఖమునకు, శంషాబాదు నివాసియగు ఒక సామాన్య పౌరుడు సవినయముగా చేసికొను విన్నపము.

అయ్యా,

మా మండలమునకు చేరిన కొత్వాల్‌గూడలో 35 ఎకరముల నేలపై, 225 కోట్ల రూపాయల అంచనా వ్యయముతో, ప్రభుత్వమును ప్రైవేటు పెట్టుబడిదారులును కలిసి ఒక కృత్రిమ సముద్రతీరమును నిర్మింపనున్నారని 2025వ సంవత్సరమున పత్రికలలో చదివిననాటినుండి మా ఆనందమునకు మేర లేకున్నది. కడలి దాటదలచిన శ్రీరామచంద్రుడంతటివాడు దర్భలపై శయనించి మూడు రాత్రులు ప్రార్థించినను పలుకక, విల్లెక్కుపెట్టిన పిమ్మటగాని సముద్రుడు దర్శనమీయలేదని రామాయణము చెప్పుచుండగా, తాము విల్లు ముట్టకయే, ఒక్క ప్రతిపాదనా పత్రముతో వానిని దక్కను పీఠభూమిపైకి, అందును సముద్రమట్టమునకు 617 మీటర్ల యెత్తుననున్న మా విమానాశ్రయపు పొరుగునకు రప్పింపబూనుట త్రేతాయుగముకంటె కలియుగమే మిన్నయని చాటుచున్నది. మల్లన్నసాగరమునుండి 20 టీఎంసీల గోదావరి జలమును నగరమునకు తెచ్చు పథకమునకు ఆ సంవత్సరమే సెప్టెంబరులో గండిపేటయొద్ద శంకుస్థాపన జరిగినది. నదులు సముద్రమును వెదకికొనుచు పల్లమునకు పోవుట సృష్టిధర్మము. నదియే మోటార్ల సాయమున మెట్టకెక్కి వచ్చుచున్నపుడు సముద్రుడు వెంబడింపకుండుట మాత్రము మర్యాద యగునా?

నేను పరిహాసము చేయుచున్నానని తాము తలపవలదు. ఈ నేలవారికి సముద్రముపై గల మక్కువ నిన్న మొన్నటిది కాదు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము ఈ రాజ్యమునకు వాకిలియై, ఇచ్చటి వజ్రములును అచ్చటి కలంకారీ వస్త్రములును ఆ రేవుననే ఓడలెక్కినవి. 1759లో బందరు కోట ఆంగ్లేయుల వశమై, 1766 నాటి సంధితో ఉత్తర సర్కారులు చేజారిపోగా, తుదకు హైదరాబాదు సంస్థానము నలువైపుల నేల చుట్టుకొనిన రాజ్యమై మిగిలినది. ఆ లోటు ఎంతగా బాధించెననగా, బ్రిటిషువారు దేశమును వీడి పోవుకాలమున నిజాము ప్రభుత్వము పోర్చుగీసువారియొద్దనుండి గోవా రేవును సంపాదింపవలెనని కూడ యత్నించినది. 1956లో ఆంధ్రప్రదేశావతరణముతో మనకు మరల ఒక తీరము దక్కినది. 2014 జూన్ 2వ తేదీన అది మరల దూరమైనది. కావున నేడు మా బిడ్డలకు కెరటమును చూపవలెనన్నచో సూర్యలంకకో బందరుకో మూడువందల కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేయక తప్పదు. కూలివాని బిడ్డకు పుట్టి బుద్ధెరిగినది మొదలు సముద్రము సినిమాలలోనిదే. ఆ బిడ్డ పాదములను ఒక్కసారి నీరు తాకి వెనుకకు పోవునట్లు చేయుదుమని ప్రభుత్వము సంకల్పించినచో దానిని వెక్కిరించువాడు హృదయములేనివాడు.

అయినను ఆ బిడ్డ తమ సముద్రమును సమీపించుట యెట్లు? పత్రికలలో వెలువడిన వివరములను నేను శ్రద్ధతో చదివితిని. నీటిపై తేలియాడు విల్లాలు గలవు. విలాసవంతములగు హోటళ్ళు గలవు. నడుమునకు త్రాడు కట్టికొని దుముకు సాహసక్రీడ గలదు. ఈ ఉష్ణదేశమున శీతకాలపు క్రీడలు సైతము గలవు. ఫుడ్ కోర్టులు, నాటకశాలలు, అలంకార జలయంత్రములు, సైకిలు బాటలు, ఒక్కటి విడువక అన్నియు గలవు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ఇసుకపై చతికిలబడి, వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు, చీకటిపడువరకు ఊరక నీటివంక చూచుటకు తగిన జాగ మాత్రము ఎంత వెదకినను నాకు కనబడలేదు. సముద్రతీరమున మనుష్యులు చేయు ప్రధాన కార్యము అదియే గదా!

ఈ సందేహము నాకేల కలిగినదో విన్నవించెదను. మా ఊరికి ఆకాశము 2008లో వచ్చినది. దాదాపు 5,500 ఎకరముల నేలపై విమానాశ్రయము వెలసి, లోకమంతయు మా నెత్తిమీదుగా ఎగిరిపోవుచున్నది. టిక్కెట్టు లేనివానికి దాని లోపలి వైభవము అద్దముల వెలుపలినుండి దృశ్యమానము. అటుపిమ్మట భూమి వచ్చినది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మా పొలములనడుమ ఎత్తుకట్టలపై సాగి, 2023లో ముప్పది యేండ్లకు 7,380 కోట్ల రూపాయలకు లీజునకీయబడినది. టోలు చెల్లింపనివానికి సర్వీసురోడ్డే గతి. ఇక మిగిలినది జలము. అదియు గేటుతోను, గేటుప్రక్క గదితోను, గదిలో టిక్కెట్లు చింపు ఉద్యోగితోను విచ్చేసినచో, పంచభూతములలో మూడింటిని రుసుము చెల్లించి దర్శించు భాగ్యము భూమండలమున శంషాబాదువారికే దక్కినదని మేము గర్వింపవలసియుండును.

గాలి, ప్రవహించు నీరు, సముద్రము, సముద్రతీరము ఏ ఒక్కరి సొత్తును గావనియు, ప్రభుత్వము వానికి యజమాని గాక ధర్మకర్త మాత్రమేననియు పూర్వము రోమనులు నమ్మిన సిద్ధాంతమును మన సుప్రీముకోర్టు 1996 డిసెంబరులో కమల్‌నాథ్ కేసుగా ప్రసిద్ధమైన తీర్పున మన దేశపు న్యాయములో భాగముగా అంగీకరించినది. ఆ వ్యాజ్యము పుట్టినది కూడ బియాస్ నదీతీరమున ఒక విహారగృహమువారు నదినే ప్రక్కకు మళ్ళింప యత్నించుటచేత నగుట గమనింపదగినది. న్యాయమూర్తుల పుస్తకములు చదువని విశాఖపట్టణపు జనులు సైతము ఈ సిద్ధాంతమును బాగుగనే ఎరుగుదురు. 2023లో ఋషికొండ తీరమున తలకు ఇరువది రూపాయల ప్రవేశరుసుము వసూలు చేయదలచినపుడు నగరమెల్ల గగ్గోలుపెట్టగా, ప్రభుత్వము ఆ యోచనను విరమించుకొనవలసివచ్చినది. ఇరువది రూపాయలు పెద్ద మొత్తము గాదు. సముద్రునికి కావలివాడేమిటన్నదే వారి అభ్యంతరము.

మనుష్యుడు చేసిన సముద్రమునకు ఈ ధర్మము వర్తింపదని తమ న్యాయసలహాదారులు వాదింపవచ్చును. ఆ వాదమునకు లోకానుభవమే సమాధానము చెప్పును. జపానుదేశమున మియజాకి నగరమునొద్ద, నిజమైన సముద్రమునకు కూతవేటు దూరమున, తెఱచి మూయదగిన పైకప్పుక్రింద, యంత్రములు పుట్టించు కెరటములతో, ప్రపంచమున కెల్ల పెద్దదను ఖ్యాతితో 1993లో ఒక కృత్రిమ తీరమును తెఱచిరి. అందు వాన లేదు, ఉప్పు లేదు, జెల్లీచేప లేదు, లాభమును లేదు. నడుపు సంస్థ 2001లో దివాలా తీయగా, 2007లో దానిని మూసివేసిరి. గోడ కావల ఉచితముగా ఘోషించు పసిఫిక్ మహాసముద్రము మాత్రము నేటికిని మూతపడలేదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమువారు వేరొక త్రోవ త్రొక్కిరి. 1988 నాటి ప్రపంచ ప్రదర్శనము ముగిసిన పిమ్మట ఆ నదీతీరస్థలమును ఉద్యానముగా మార్చి, 1992లో అందొక ఇసుకతీరమును, ఈదదగిన మడుగును నిర్మించి, కావలి యీతగాండ్రను నియమించి, ప్రవేశము ఎల్లరకును ఉచితమొనర్చిరి. అది నేటికిని జనముతో కిటకిటలాడుచున్నది. చుట్టునున్న దుకాణములవారు ఆకలిగొని వచ్చినవారికి అన్నమమ్మి బ్రదుకుచున్నారు. నీటిని చూచినందుకు మాత్రము ఎవరును వెల చెల్లించుటలేదు. రెండును మనుష్యనిర్మితములే, ఒకటి వినోదశాలగా పుట్టి వ్యాపారముతోపాటు నశించినది, రెండవది ఊరిసొత్తుగా పుట్టి ఊరితోపాటు నిలిచినది.

ఇక నీటి సంగతి. దక్కను ఎండలకు విప్పియున్న జలాశయమునుండి ఏటా ఆవిరియగు నీరు లోతున ఒకటిన్నర మీటరునకు తక్కువ గాదు. ఆకాశమునుండి కురియునది సగటున ఇంచుమించు 80 సెంటీమీటర్లు. తాము పదియెకరముల మేర మాత్రమే నీరు నిలిపినను ఏటా ఆరు కోట్ల లీటర్లు గాలిలో గలియును. అందు సగమునకు కొంచెము మించి వాన తిరిగి యిచ్చును. మిగిలినదానిని ఎవ్వరో ఈయవలెను. వడగట్టుటకు, శుభ్రపరచుటకు, కెరటముల నెత్తుటకు అగు విద్యుత్తు వేఱు. వేసవిలో వీధివీధికి ట్యాంకరు వచ్చు ఊరి ప్రక్కన సముద్రము నిర్మించువారు ఆ ఎవ్వరో ఎవరని ముందుగనే ప్రకటించుట న్యాయము.

ఆ నీటికై వెదకు చూపు సహజముగా ప్రక్కనున్న హిమాయత్‌సాగరముపై పడునని నా భయము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది వేలకొలది ప్రాణములను బలిగొనిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరమును, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. వరదను ఆపుటకును నగరమునకు దాహము తీర్చుటకును కట్టిన ఆ చెఱువు తనకు అప్పగించిన పని చేయుచు, అడుగకుండగనే మరియొక పని కూడ చేసినది: మాకు తీరమైనది. 1763.50 అడుగులకు నీరు చేరి పదునేడు గేట్లలో కొన్ని యెత్తినారన్న వార్త వచ్చుటయే తడవుగా, అత్తాపూరునుండియు రాజేంద్రనగరునుండియు శంషాబాదునుండియు జనులు బండ్లెక్కి, చంకన బిడ్డలతో, చేత కాల్చిన మొక్కజొన్నకంకులతో తరలివత్తురు. ఆ రద్దీని నివారించుటకు పోలీసులే కావలెనుగాని, రప్పించుటకు ఏ ప్రకటనయు అక్కరలేదు.

ఆ జలాశయముల రక్షణకై 1996 మార్చి 8వ తేదీన వెలువడిన జీవో 111, పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములయందు కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించినది. మా మండలమునందలి పెద్దషాపూరులో వెలసిన నూనెల కర్మాగారమును గూర్చిన వ్యాజ్యమున, హాని కలుగదని నిరూపించు భారము నిర్మింపబూనినవానిదేగాని హానికి భయపడువానిది గాదని సుప్రీముకోర్టు 1999లో తేల్చినది. దేశమునందలి పర్యావరణ న్యాయవాదులెల్ల నేటికిని ఆ తీర్పును ఉదహరింతురు. 2022లో జీవో 69 వచ్చి, నగరపు నీటియవసరములో ఈ జంట జలాశయములవంతు 1.25 శాతమునకు లోపే యని చెప్పి ఆ నిషేధములను సడలించినది. పాలిచ్చుట తగ్గించిన గోవును కసాయికమ్ముట మన సంప్రదాయమున పాపమని మాత్రము మనవి చేసి, ఈ విషయమును విడిచెదను.

కావున అయ్యా, తమ సంకల్పమును మానుకొనుమని నేను కోరను. కోరునవి నాలుగు.

మొదటిది, తాము వేయు ఇసుకతీరమున, నీటియంచు పొడవునను, సూర్యోదయమునుండి రాత్రి తొమ్మిదిగంటలవరకు, టిక్కెట్టు లేక నడచుటకును కూర్చుండుటకును ఎల్లరకును హక్కుగల ఒక పట్టీని విడిచి, పెట్టుబడిదారుతో చేసికొను ఒప్పందముననే దానిని వ్రాయింపుడు. తరువాత చూతమనుకొనిన మేలు ఒప్పందములలో ఎన్నడును చేరదు. హోటళ్ళు ఆ పట్టీ వెనుకనుండవచ్చును. విల్లాలు తేలదలచినచో దూరముగా తేలవచ్చును.

రెండవది, ఆ నీరు జలాశయములనుండి గాని బోరుబావులనుండి గాని కాక, శుద్ధిచేసిన మురుగునీటినుండియే రావలెను. ఎంత వచ్చినది, ఎంత ఆవిరియైనది ప్రతిమాసము గేటువద్ద పలకపై వ్రాయవలెను. మా ఊరి రచ్చబండవద్ద లెక్కలు చూచు ఓపికగల వృద్ధులు కొందరు గలరు.

మూడవది, తీరమున వేరుసెనగకాయలు, మొక్కజొన్నకంకులు, మిరపకాయబజ్జీలు అమ్ముకొను హక్కును కొత్వాల్‌గూడ, నర్కుడ, శంషాబాదు గ్రామములవారికి ముందుగా కేటాయింపుడు. భూములిచ్చినవారు బంట్రోతులుగా మాత్రమే లోనికి ప్రవేశించు చోటులు మాకిప్పటికే చాలినన్ని గలవు.

నాలుగవది, మిక్కిలి స్వల్పవ్యయమైనదియు. 35 ఎకరములకు 225 కోట్లన్నచో ఎకరమునకు ఆరు కోట్లకు పైచిలుకు. అందొక్క ఎకరము వెలను హిమాయత్‌సాగరపు కట్టకు మరల్చి, జలాశయములోనికి చేరు మురుగుకాలువలలో ఒక్కదానినైనను అడ్డగించి, కట్టపై నడచుటకొక బాటను, కూర్చుండుటకు రాతిబల్లలను, స్త్రీలకు మరుగుదొడ్లను, లోతునకు దిగకుండ కంచెను, శంషాబాదు బస్టాండునుండి ఆదివారము సాయంకాలములకొక బస్సును ఏర్పరుపుడు. రాబోవు సముద్రమునకు ఎందరు వత్తురో అంచనాలు కట్టుటకు తాము నిపుణులను నియమింపవలసియుండునుగాని, ఉన్న చెఱువునకు ఎందరు వచ్చుచున్నారో ఆగస్టుమాసమున ఒక ఆదివారము కట్టపై నిలుచున్న కానిస్టేబులు నడిగినను చెప్పగలడు.

ప్రజల లేఖలకు ప్రత్యుత్తరము తగు కాలమున పంపబడునని కార్యాలయములలో చెప్పుట ఆచారము. నాకు కాగితము అవసరము లేదు. కట్టమీద ఒక రాతిబల్ల వేయించిరా, అందినదని భావించి, దానిపై కూర్చుండి తమ సముద్రమును గూర్చిన రెండవ లేఖను, ఈసారి పొగడ్తలతోనే, వ్రాయగలవాడను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆకాశమునకు అద్దములవెలుపలను, రహదారికి సర్వీసురోడ్డునను, సముద్రమునకు గేటుబయటను నిలుచుటకు ఇష్టపడని
శంషాబాదు వాసి