జిరాక్స్ దేవో భవ

లాడ్జిలో దిగే అతిథికి రెండు రూపాలుంటాయి. ఒకటి మనిషి, రెండోది అతని ఆధార్ జిరాక్స్. గది ఇచ్చేది రెండోదానికే. 65వ నంబరు జాతీయ రహదారి మీద జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా పని మీద తిరిగేవారంతా, సిమెంటు ఫ్యాక్టరీలకు విడిభాగాలు అమ్మేవారి నుంచి మెడికల్ రెప్‌లు, మిర్చి బేరగాళ్ళ దాకా, ఈ సూత్రాన్ని మొదటి రాత్రే వంటబట్టించుకుంటారు. పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తిరునాళ్ళ రోజులైతే చదువు ఇంకా త్వరగా పూర్తవుతుంది. అప్పుడు బోర్డు మీది అద్దె వేరు, నోటి అద్దె వేరు.

ప్రవేశ విధానం ఇది. రాత్రి పదిన్నరకు బ్యాగు మోసుకొచ్చినవాడిని గుమాస్తా తలెత్తి చూడడు. ఫోన్లో రీలు అయిపోయాక "ఆధార్" అంటాడు. కార్డు చేతికిస్తే చాలదు, జిరాక్స్ కావాలి. కౌంటర్లో జిరాక్స్ మిషను ఉండదు. ఉన్నచోట పనిచెయ్యదు. "సెంటర్లో కొట్టుంది, తీయించుకు రండి సార్." ఆ కొట్టు తొమ్మిదింటికే కట్టేశారు.

ఫోన్లో డిజిలాకర్ చూపిస్తే అది కార్డు కిందకు రాదు. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వమే అయినా కౌంటర్ దాన్ని ఇంకా గుర్తించలేదు. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చినవాడు ఏదో నేరం చేసి పారిపోయి వచ్చినవాడే. ఒకే మనిషికి రెండు కాపీలు అడిగే చోట్లూ ఉన్నాయి. రెండోది దేనికంటే "రూలు సార్" అంటారు.

ఆ రూలు చరిత్ర చూడదగ్గది. ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి వీలిచ్చిన ఆధార్ చట్టం 57వ సెక్షన్‌లోని భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసింది. హోటళ్ళకు జిరాక్స్‌లు ఇవ్వొద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం చెప్పింది. 29న ఆ మాట వెనక్కిపోయింది, ఎవరి జాగ్రత్తలో వాళ్ళుంటే చాలన్నారు. మూడు రోజుల ముచ్చట కూడా కాదు. మళ్ళీ 2025 డిసెంబరులో, జిరాక్స్‌లు తీసుకోవడం ఆపించే నిబంధన వస్తోందని, క్యూఆర్ స్కాన్ చేస్తే సరిపోతుందని ప్రకటించారు.

క్యూఆర్ లాడ్జీలకు కొత్తేమీ కాదు. కౌంటర్ మీద రెండు ఎప్పుడూ అతికించే ఉంటాయి. ఒకటి అద్దెకు, ఇంకొకటి అయిదు నక్షత్రాలకు. అతిథి దగ్గరి క్యూఆర్ చదవాల్సి వచ్చేసరికి మాత్రం నెట్ పనిచెయ్యదు.

ఎవరు దిగారో రాసుకోవడం అవసరమే, పోలీసులు అడుగుతారు. అందుకు రిజిస్టరుంది, సంతకముంది. పన్నెండంకెల నంబరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫొటో ఉన్న కాగితాన్ని ఎందుకు దాచుకుంటున్నారు? ఎన్నాళ్ళు? తాడు కట్టి మెట్ల కింద పడేసిన ఆ కట్ట రేపు పాత కాగితాల తూకానికి పోదని హామీ ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. దీన్ని మర్యాద అనరు, దబాయింపు అంటారు. డబ్బు కట్టినవాడిని అర్ధరాత్రి అనుమానితుడిలా నిలబెట్టడానికి సిగ్గుండాలి.

మిగతా సేవలు క్లుప్తం. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకా వస్తాయని గోడ చెబుతుంది, కుళాయి ఒప్పుకోదు. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అంటే మర్నాడు పదకొండింటికి తలుపు బాదడం. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, కట్టేవాడి చేతికి మాత్రం అదే అద్దె, అదే తెల్ల చిట్టీ. ఆ చిట్టీని కంపెనీ అకౌంట్స్ వాళ్ళు ఒప్పుకోరు. గది అద్దె రెప్ జీతంలోంచే పోతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడతారు. జిరాక్స్ అడగరు.