ఓనరు గారూ, మీ వంతు ఆఖరిది!

ఉత్తర ఐర్లాండ్‌లో ప్రెస్బిటేరియన్ మ్యూచువల్ సొసైటీ అని ఒకటుండేది. ప్రెస్బిటేరియన్ చర్చి సభ్యులే అందులో సభ్యులు. దేవుడి పేరుంది కదా అని నిశ్చింతగా డబ్బు దాచుకున్నారు. సొసైటీ మాత్రం ఆ సొమ్మును దేవుడి కంటే రియల్ ఎస్టేటును ఎక్కువ నమ్మి అప్పులిచ్చింది.

2008లో బ్యాంకు డిపాజిట్లకు సర్కారు పూచీ పడింది. సొసైటీకి ఆ పూచీ లేదు. డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనం ఎగబడ్డారు, షట్టర్ పడింది. దాదాపు పది వేల మంది డబ్బు లోపలే ఉండిపోయింది.

అసలు తమాషా ఇక్కడుంది. 20 వేల పౌండ్ల దాకా వేసినవాళ్లు వాటాదారులు, అంటే ఓనర్లు! ఆపైన వేసిన సొమ్ము సొసైటీకిచ్చిన అప్పు. మునిగిన చోట ముందు అప్పులోళ్లకే చెల్లించాలి. అలా పెద్ద మొత్తాలకు ముందు పీట, చిన్న పొదుపరికి ఓనరు హోదా. చర్చిని అడిగితే సొసైటీ వేరు, మేం వేరు అంది. 2011లో సర్కారు ఆదుకుంటే గానీ దారి దొరకలేదు.

డిపాజిటర్లను ముంచిన కృషి బ్యాంకును, అగ్రిగోల్డును చూసిన మనకు నవ్వే హక్కు లేదనుకోండి. మన బ్యాంకుల్లో డిపాజిట్లకు 5 లక్షల దాకా బీమా ఉంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పుట్టిన సంఘాలకు అది వర్తించదు. అనంతగిరిలోనో కోదాడలోనో అలాంటి సంఘంలో డబ్బు కట్టేటప్పుడు బీమా ఉందా అని అడిగి చూడండి.

"ఏంది సారూ, మా మీద నమ్మకం లేదా?"