కుడి సగం

మే 5, ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం. ఆ బోధనాసుపత్రిలో రెండో ఏడాది ఎంబీబీఎస్ పిల్లలకి పరీక్ష పెట్టారు. రోగి చేరిన 48 గంటల తర్వాత బయటపడ్డ జబ్బు ఎవరి ఖాతాలోది? మూత్రపు గొట్టం, వెంటిలేటరు, సెంట్రల్ లైను, ఆపరేషన్ గాయం, వీటిగుండా క్రిములు ఎలా చొరబడతాయి? డాక్టరు చేతులు కడుక్కోవాల్సిన ఐదు సందర్భాలు ఏవి? పిల్లలు గడగడా రాసేశారు. రోగిని ముట్టుకోకపోయినా, మంచం కమ్మీనో సెలైన్ స్టాండునో తాకితే చాలు కడుక్కోవాలన్నది ఐదో సందర్భం. పెద్ద డాక్టర్లే దాన్ని మరిచిపోతుంటారు. వీళ్లు అదీ వదల్లేదు.

మైక్రోబయాలజీ మేడంకి నూటికి నూరు మార్కులంటే మొదట్నుంచీ అనుమానం.

"రాసింది చాలు. రేపు మీ చేతులు పట్టుకురండి" అంది.

మర్నాడు రౌండ్స్ అయ్యేసరికి ఐసీయూ గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చుంది. ఎదురుగా అగార్ ప్లేట్లు. ఒక్కొక్క ప్లేటు అడుగున మార్కరుతో నిలువుగా గీత. రోగుల దగ్గర్నుంచి వచ్చిన వేళ్లు వచ్చినట్టే ఎడమ సగం మీద నొక్కాలి, సింకు దగ్గర కడుక్కుని, ఆరబెట్టుకుని వచ్చి కుడి సగం మీద నొక్కాలి.

సింకు పైన రంగురంగుల పోస్టరు, పక్కన గులాబీ రంగు హ్యాండ్‌వాష్ సీసా. పిల్లలు పోస్టరులో ఉన్నట్టే అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్లు అన్నీ రుద్దారు. నిమిషం నిండిందో లేదోనని ఒకడు పైకే లెక్కపెట్టాడు.

బకెట్టుతో అటుగా పోతున్న ఆయమ్మని కూడా పిలిచింది మేడం.

"నాదెందుకమ్మా, నాకేం సదువా సంధ్యా?" అని నసుగుతూనే ఎడమ సగం నొక్కింది. వెళ్లి చేతులు కడుక్కొచ్చి కుడి సగం నొక్కింది. బకెట్టు తీసుకుని పోయింది. ఆ ప్లేటు మీద ఒక కుర్రాడు 'కంట్రోల్' అని రాశాడు. అందరూ నవ్వారు.

రాత్రంతా ప్లేట్లు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నాయి. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ద్రాక్షపళ్ల వాసన. పిల్లలకి బాగానే ఉంది గానీ, మేడం మొహంలో రంగు మారింది.

ఎడమ సగాల్లో అనుకున్నవే ఉన్నాయి: తెల్లవీ పసుపువీ చుక్కలు, ఎవరి చర్మం మీదైనా ఉండే బాపతు. కుడి సగాలు మాత్రం పచ్చగా పాచి పట్టినట్టున్నాయి. సూడోమొనాస్! తడి ఉన్నచోటల్లా కాపురం పెట్టే క్రిమి. కొన్ని రకాల క్రిమిసంహారక మందుల్లోనే, అవి పలచబడితే, హాయిగా బతికేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి సాధారణంగా ఏమీ చేయదు. ఒళ్లు కాలినవాడి మీదో వెంటిలేటరు మీదున్నవాడి మీదో వాలిందంటే మామూలు యాంటీబయాటిక్స్ చాలావాటిని లెక్కచేయదు. తలుపుకి అవతల ఉన్నది అలాంటి రోగులే.

"అయితే మేడం, కడుక్కోకుండా ఉంటేనే నయమా?" అన్నాడు నిన్న లెక్కపెట్టిన కుర్రాడు. హాస్యానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆఖరున 'కంట్రోల్' ప్లేటు తీశారు. ఎడమ సగం చుక్కలతో కిక్కిరిసి ఉంది. కుడి సగంలో రెండో మూడో తెల్ల చుక్కలు, అంతే. పచ్చదనం ఆనవాలు లేదు.

నీళ్లలో ఉందని కొందరు, చేతులు తుడుచుకున్న కాగితాల్లో ఉందని కొందరు వాదులాడుకుంటుంటే, మేడం ఆ ప్లేటు పట్టుకుని వార్డుకి నడిచింది. వెనకాలే క్లాసు క్లాసంతా.

"ఏమ్మా, నిన్న చేతులు ఎక్కడ కడుక్కున్నావు?"

"ఎనక పంపు కాడమ్మా. ఇంటికాణ్ణించి తెచ్చుకున్న సబ్బుముక్కతోటి."

"ఇక్కడ సింకు దగ్గర అంత మంచి హ్యాండ్‌వాష్ పెట్టారు కదా, అది వాడవా?"

ఆయమ్మ సిస్టర్ ఎక్కడైనా ఉందేమోనని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఆర్నెల్ల నుంచీ అడుగంటినప్పుడల్లా దాన్లో నీళ్లు పోసి కలిపేది నేనే కదమ్మా!"