శీలావతీ మహాత్మ్యం

మూడో వేలు లేచింది. మూడో పాయింటు లేవలేదు.

మా వీధి చివర టీ బడ్డీ దగ్గర జరిగిన సంగతి ఇది. ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఇంజినీరింగ్ మూడో ఏడాది, నన్ను బాబాయ్ అంటాడు. గంజాయి వల్ల ఏ నష్టమూ లేదని నాకు జ్ఞానోదయం చేయించడానికి ఆ పూట కంకణం కట్టుకున్నాడు. "మూడే మూడు పాయింట్లు బాబాయ్. ఒకటి, అది మొక్క. రెండు, అలవాటు కాదు. మూడు..." అని వేలు నిలబెట్టాడు. ఆ వేలి వంక వాడు, వాడి వంక నేను, మా ఇద్దరి వంక బడ్డీ ఆయన చూస్తూ ఉండిపోయాం. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. కాసేపటికి వేలు ముడిచేసి, "గుర్తొస్తే చెప్తాలే" అన్నాడు.

గంజాయి గురించి ఇంత నిజాయితీ గల సాక్ష్యం నేనింతవరకూ వినలేదు.

ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండే మేలురకం గంజాయికి శీలావతి అని పేరు. పేరులోనే శీలం ఉన్నాక గుణగణాలు విచారించడం మర్యాద కాదు. పురాణంలో సుమతి అనే పతివ్రత మొగుడి ప్రాణం కోసం సూర్యోదయాన్ని ఆపింది. శీలావతికి అంత కారణం కూడా అక్కర్లేదు. భక్తుడి గదిలో పొద్దు పొడవకుండా రోజూ ఆపేస్తుంది. లోకానికి ఆరింటికి తెల్లారితే వాడికి పన్నెండింటికి తెల్లారుతుంది. ఎనిమిదింటి ల్యాబు గత జన్మ వాసనలా అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోల సరుకును కుప్పపోసి తగలబెట్టారు. శీలావతి అగ్నిప్రవేశం చేసి చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. సిగరెట్టులో పొగాకు రాల్చి సరుకు కూరే చేతులకు ఇప్పటికీ పని తగ్గలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం త్రాసు పట్టుకుని కూర్చుంది. కిలో లోపైతే చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వ్యాపారం. సంచి బరువు గ్రాములతో సహా తేలుతుంది. తాగినవాడి తలలో ఏం తగ్గిందో తూచే తక్కెడ మాత్రం ఏ ఠాణాలోనూ లేదు. ఆ తూకమేదో మనమే వేద్దాం.

ముందు దేవత మహిమ. అది అర్థం కావాలంటే పెళ్లిలో భోజనాల బంతికి రావాలి. వడ్డించేవాడు సాంబారు గరిటె ఎత్తుతాడు. చాలనుకున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. గరిటె పక్క విస్తరికి వెళ్లిపోతుంది. మెదడులోనూ ఇదే మర్యాద. ఒక నాడీకణం కబురు వడ్డిస్తుంటే, అందుకునే కణం "ఇక చాలు నాయనా" అని ఓ రసాయనాన్ని అడ్డం పెడుతుంది. అలాంటి రసాయనం ఒకటి 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలం బృందానికి దొరికింది. మన సంస్కృతంలోని ఆనందాన్ని అరువు తెచ్చుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అవసరమైన చోట పుడుతుంది, పని కాగానే కరిగిపోతుంది, పైసా ఖర్చు లేదు. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగాడని సామెత. మనవాడు ఆనందాన్ని నెత్తిలో పెట్టుకుని పొట్లం కోసం పాడుబడ్డ క్వార్టర్ల వెనక్కి వెళ్తున్నాడు.

గంజాయిలోని టీహెచ్‌సీ సరిగ్గా ఆ చేతి వేషం వేసుకుని వస్తుంది. వచ్చి బంతి మొత్తానికీ చెయ్యి అడ్డం పెట్టేస్తుంది, ఓ పట్టాన తియ్యదు. ఇప్పుడే విన్న మాట జ్ఞాపకంగా మారాల్సింది హిప్పోక్యాంపస్ అనే చోట. అక్కడ వడ్డన ఆగితే మూడో పాయింటు విస్తట్లో పడదు. ఒంటి తూకం చూసుకునే చిన్నమెదడు దగ్గర ఆగితే బండి బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది. రోజూ ఇదే తంతు అయ్యేసరికి మెదడు విసిగిపోయి, ఆ చేతిని గుర్తుపట్టే గ్రాహకాలనే తగ్గించుకుంటుంది. అప్పట్నుంచి నిన్నటి దమ్ము ఇవాళ ఎక్కదు. అటక మీద క్రికెట్ బ్యాటుకు బూజు పడుతుంది, అమ్మ చేసిన గుత్తొంకాయ చప్పగా ఉంటుంది. ఈ స్థితిని భక్తుడు వైరాగ్యం అంటాడు.

ఇక ఫలశ్రుతి.

మొదటి ఫలం తెలివికి సంబంధించింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని 38 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. టీనేజీలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వదలనివాళ్లకు ఐక్యూ సగటున 8 పాయింట్ల దాకా పడిపోయిందని 2012లో చెప్పారు. దీని మీద అభ్యంతరాలు వచ్చాయి. ఇంటి పరిస్థితుల ప్రభావం కావచ్చన్నారు. కవలలను పోల్చి చూస్తే తాగినవాడికీ తాగనివాడికీ అంత తేడా కనిపించలేదన్నారు. వాదు ఇంకా తేలలేదు, ఒప్పుకుంటాను. కాకపోతే రాత్రి ఏం తిన్నాడో గుర్తులేని గంజాయి బ్యాచ్‌కి ఈ అభ్యంతరాలన్నీ కంఠతా ఎలా వచ్చాయన్నదే ఆ శీలావతి అసలు మహిమ.

రెండో ఫలం పేరు "అలవాటు కాదు". ముట్టుకున్న ప్రతివాడూ బానిస కాడు. టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురికి ఒకడు అవుతాడని అంచనా. మేడమీద గుండ్రంగా కూర్చున్న ఆరుగురిలో ఆ ఒకడు పక్కవాడేనని ఆరుగురికీ గట్టి నమ్మకం. మానేసిన రెండో రోజుకి నిద్ర పట్టదు, అన్నం సయించదు, చెమటలు పోస్తాయి, "ఏరా" అంటే కస్సుమంటాడు. అమెరికా మానసిక వైద్యులు 2013లో దీన్ని తమ జబ్బుల జాబితాలోకి ఎక్కించారు. మనవాడు మాత్రం దీన్నే మందు గుణానికి రుజువుగా చూపిస్తాడు: "చూశావా, తాగకపోతేనే కోపం. తాగితే ఎంత కూల్!" కొరివితో తల గోక్కుంటూ దురద తగ్గిందని మురిసిపోవడం చూడాలంటే ఇక్కడికి రావాలి.

మూడో ఫలం స్నానం. ఏళ్ల తరబడి నిత్యసేవ చేసిన కొందరికి పేగులు మెలిపెట్టే వాంతులు పట్టుకుంటాయి. ఆస్ట్రేలియా వైద్యులు 2004లో దీన్ని గుర్తించి రాశారు. మామూలు వాంతి మాత్రలకు లొంగదు, వేడినీళ్ల కింద నిలబడితేనే కాస్త ఉపశమనం. అభిషేకం దేవతకు జరగడం లోకాచారం. ఇక్కడ భక్తుడికే, గీజరు కాలిపోయేదాకా.

నాలుగోదానికి నవ్వు రాదు. ఫ్యాను తన పేరు పిలుస్తోందని, వీధిలో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని ఓ రాత్రి మొదలవుతుంది. ఐరోపా, బ్రెజిల్‌లలో 11 చోట్ల జరిపిన పరిశోధన 2019లో వచ్చింది. గాఢమైన సరుకును రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ ముప్పు, ఎన్నడూ ముట్టనివాళ్లతో పోలిస్తే, దాదాపు 5 రెట్లు. అందరికీ రాదు. వంశంలో ఆ జబ్బున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. మన ఇళ్లలో తాతకు ఏముండేదో ఎవరు చెప్తారు? "పెద్దమ్మకు గాలి సోకింది" అని ఎప్పుడో కప్పెట్టేశాం. మనవడు ఆ సంగతి దమ్ముతో తవ్వుకుంటున్నాడు.

ఇంత చెప్పినా వకాల్తాలకు కరువు లేదు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్టు, "అమెరికాలో మందుగా వాడుతున్నారు" అంటారు. పిల్లల్లో వచ్చే అరుదైన మూర్ఛలకు 2018లో అక్కడ అనుమతించిన మందులో ఉన్నది గంజాయిలోనే ఉండే మరో పదార్థం, కన్నబిడయాల్. దానికి మత్తు ఉండదు. ఆ సీసా ఇస్తే బ్యాచ్ తిప్పికొడుతుంది. "మందు తాగితే తప్పు లేదా? ప్రభుత్వమే అమ్మనిస్తోందిగా!" అంటారు. ఆ దెబ్బ పెద్దలకు తగలాల్సిందే. అయితే పక్కింటి గోడ కూలినంత మాత్రాన మన గోడకు బలం రాదు. "శివయ్య ప్రసాదం" అనేవాళ్లకు శివుడి తపస్సు వద్దు, మంచుకొండ వద్దు, హాలాహలం అసలే వద్దు. హాస్టల్ గదికి పనికొచ్చేది ఒక్కటే ఏరుకున్నారు.

కాలు విరిగితే మెదడు చెబుతుంది. కడుపులో నొప్పొస్తే మెదడు చెబుతుంది. మెదడే మందగిస్తే చెప్పాల్సిందెవరు? ఆ మందగించిన మెదడే. మంచిచెడ్డలు తూచే ముందుభాగం పాతికేళ్లు వస్తేగానీ ముదరదు. ఆ లేత కొమ్మకు రోజూ పొగ పెడుతూ, "ఎలా ఉన్నావ్" అని దాన్నే అడిగితే "సూపర్ బ్రో" అంటుంది. కంచే చేను మేస్తోంది. పంట భేషుగ్గా ఉందని కబురు పంపేదీ ఆ కంచే.

ఆ రోజు ఆ కుర్రాణ్ణి వాళ్లమ్మ పొద్దున్న ఏడింటికి పెరుగు ప్యాకెట్‌కి పంపింది. మా చర్చ ముగిసేసరికి పదకొండైంది. వాణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. "చదువు ఒత్తిడండీ అన్నయ్యగారూ, ఈ మధ్య మనిషి మనిషిలా లేడు" అంది ఆవిడ. జరిగింది చెప్పి, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 నంబరు క్యాలెండరు మీద రాసి వచ్చాను.

వాడికీ ఓ మాట చెప్పాను. రోజూ తాగేవాళ్లు ఓ నాలుగు వారాలు దూరంగా ఉంటే, తగ్గిన గ్రాహకాలు చాలావరకు తిరిగి వస్తాయని స్కానింగుల్లో తేలింది. కాబట్టి నాయనా, మన వాదన వాయిదా వేసుకుందాం. నాలుగు వారాలు ఆగి రా. ఆ మూడో పాయింటు గుర్తొస్తే చెప్పు, వింటాను. గుర్తొచ్చాక అది నీ నోట రాదేమోనని నా అనుమానం. శీలావతి భయం కూడా అదే.