గాంధారి అడవిలో పిట్టల లెక్క: పాటించకూడని సలహాలు

కామారెడ్డి జిల్లాలోని గాంధారి, ఎల్లారెడ్డి వైపు పిట్టల సర్వేకు బయల్దేరితే మొదట దొరికే సలహా, "చలికాలంలో పోచారం చెరువుకు పోండి, అన్నీ అక్కడే కనబడతాయి" అని. హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులను చూసి తీరాల్సిందే. అయితే గాంధారి అడవి ఎలా ఉందో నీళ్ల మీది బాతు చెప్పలేదు. అది తెలియాలంటే ఏడాది పొడుగునా ఇక్కడే ఉండి గూడు కట్టే పిట్టల వెంట ఎండాకాలంలో, తొలకరిలో తిరగాలి.

"ఎన్ని రకాలు కనబడితే అంత మంచి అడవి" అన్నది ఇంకా చెడ్డ సలహా. అడవి నరికి చెలక చేస్తే గోరింకలు, కాకులు, గువ్వలు వచ్చి చేరతాయి, జాబితా పెరుగుతుంది. కొమ్ముకత్తిరి పిట్ట మాత్రం పోతుంది. దానికి పాత చెట్టు తొర్ర కావాలి. ఆడపిట్ట లోపల కూర్చుని సన్నటి సందు వదిలి తొర్ర మూసుకుంటుంది, మగపిట్ట ఆ సందులోంచే మేత అందిస్తుంది. మర్రి, రావి, జువ్వి విత్తనాలను దూరాలకు మోసేవాటిలో ఇదీ ఒకటి. పది రకాల ఊరపిట్టలు వచ్చినా ఆ లోటు తీరదు. అందుకే ప్రతి పిట్టా ఏ చెట్టు మీద, ఏం చేస్తూ కనబడిందో రాసుకోవాలి.

"కనబడలేదంటే లేనట్టే" అనేవాళ్లూ ఉంటారు. పొద్దెక్కాక పోతే ఉన్న పిట్టలూ పలకవు. తెల్లవారగానే నిర్ణీత చోట పది నిమిషాలు నిలబడి, కళ్లతో పాటు చెవులనూ నమ్మి, అదే చోటికి మళ్లీ మళ్లీ పోతేనే లేమి గురించి ఏమైనా చెప్పగలం.

అన్నిటికన్నా నష్టం చేసేది ఉపగ్రహ పటాన్ని నమ్మమనే సలహా. ఆకుపచ్చ ముక్కలు కలిసి కనిపిస్తే పిట్టలకు ఒక అడవి నుంచి ఇంకో అడవికి దారి ఉన్నట్టేనట! నీలగిరి తోట కూడా పటంలో పచ్చగానే ఉంటుంది, తొర్రలు వెతికే పిట్టకు అక్కడ ఏముంది? రెండు అడవి ముక్కల మధ్య మక్క చేన్ల నడుమ పారే ఒర్రె, దాని గట్టు మీది తుమ్మలు, మోదుగులు పటంలో ఆనవు. చెట్టు నుంచి చెట్టుకు సాగే పిట్టలకు అసలు దారి అదే. ఆ దారిని కాపాడే ప్రణాళిక రాసేవాళ్లు ముందుగా నడవాల్సింది అక్కడే.

"ఖాళీ జాగల్లో మొక్కలు నాటితే దారి కలుస్తుంది" అనీ అంటారు. గడ్డి, ముళ్లపొదల నేల ఖాళీ జాగ కాదు. గౌజులు, పూరేళ్లు బతికేది అందులోనే. 1986లో కడప జిల్లాలో కలివికోడి అనే పిట్ట మళ్లీ దొరికింది కూడా అలాంటి పొదల్లోనే.

ఇక "మన జిల్లా వరకు చూసుకుంటే చాలు" అన్న మాట. పోచారం అభయారణ్యం కామారెడ్డి, మెదక్ రెండు జిల్లాల్లోనూ ఉంది. ఒర్రెల పేర్లు, తొర్రలున్న పాత చెట్లు, గొర్రెల కాపరులు చూపించే గూళ్లు రెండు వైపులవీ ఒకే పటం మీదికి ఎక్కాలి. అడవి గుండా ఏ రోడ్డు వెడల్పుకైనా గుర్తులు పెట్టకముందే ఆ పటం ఇంజినీర్ల చేతికి అందాలి.