నా అసలు పేరు

నేను 16 జీబీల పెన్‌డ్రైవ్‌ని. ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో మా సారు తాళాలగుత్తికి వేలాడుతూ బతికాను. కొత్త సెమిస్టర్ వచ్చిందంటే నామీద లినక్స్ రాసి, సిస్టమ్ తర్వాత సిస్టమ్‌లో ఎక్కించేవారు. పోర్టులో పెట్టగానే కంప్యూటర్ నన్ను ‘ఎస్‌డీబీ’ అని పిలిచేది. నిన్నా అదే, మొన్నా అదే. అదే నా పేరని సారు నమ్మారు. నేనూ నమ్మాను.

అది పేరు కాదు, సత్రంలో గది నంబరు. లోపలి డిస్కు ముందు కంటబడితే దానికి ‘ఎస్‌డీఏ’, ఆ తర్వాత కనబడినదానికి ‘ఎస్‌డీబీ’. ఒకరోజు నాకంటే ముందే ఒక పోర్టబుల్ హార్డ్‌డిస్కు తగిలించి ఉంది. అందులో ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులు. ఆ పూట ఎస్‌డీబీ అది, ఎస్‌డీసీ నేను. సారు అలవాటు కొద్దీ ‘డీడీ’ కమాండ్‌కి ఎస్‌డీబీ అని ఇచ్చారు. డీడీ ఎదురు ప్రశ్న వేయదు, రాసేస్తుంది. నా లైటు వెలగలేదు. పక్కదాని లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. ‘సారూ, నేనిక్కడ’ అని చెప్పే నోరు నాకు లేదు. కొన్ని ప్రాజెక్టులు పిల్లల మెయిళ్లలో దొరికాయి. కొన్ని దొరకలేదు.

తర్వాత సారు స్క్రిప్టు రాశారు: డ్రైవ్ గురించి లినక్స్ చూపే ‘రిమూవబుల్’ అన్నచోట 1 ఉంటేనే రాయాలి, 0 ఉంటే ముట్టుకోకూడదు. మంచి ఆలోచనే, కానీ ఆ ప్రశ్నకు అర్థం వేరు. పరికరాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీయవచ్చా అని కాదు, పరికరంలోంచి డిస్కును బయటికి తీయవచ్చా అని. ఫ్లాపీలు, సీడీల నాటి ప్రశ్న అది. పోర్టబుల్ హార్డ్‌డిస్కును కేబుల్ లాగి జేబులో వేసుకుపోవచ్చు, అయినా దాని పళ్లేలు బయటికి రావు కనుక 0 అంటుంది. నా చిప్పూ నాలోంచి రాదు, కానీ తయారుచేసినవాళ్లు నాచేత 1 అనిపించారు. పెన్‌డ్రైవ్‌ల్లోనే 0 అనేవీ ఉన్నాయి. వాటిని విండోస్ మామూలు హార్డ్‌డిస్కుగానే చూస్తుంది.

యూఎస్‌బీ మీదుగా వచ్చిందా అని అడిగితే బయటి పరికరమని తెలుస్తుంది. అందులో నేనెవరో తేలదు. ఫైల్‌సిస్టమ్ ఇచ్చే యూయూఐడీ అనే గుర్తింపు ఉంది కదా అంటారు. అది ఫార్మాట్ చేస్తే మారిపోతుంది, డీడీతో నకలు తీస్తే రెండింటికీ ఒకటే అవుతుంది.

నాతో పుట్టింది సీరియల్ నంబరు. నాలాంటి స్టోరేజ్ పరికరాలకు కనీసం 12 అక్షరాల నంబరు ఉండాలని యూఎస్‌బీ నియమం. చవక సరుకులో వేల డ్రైవ్‌లకు ఒకే నంబరు వేసి వదిలేసేవాళ్లూ ఉన్నారు. అది తయారీలో చేసే ద్రోహమనే అంటాను. అందుకే నంబరుతోపాటు మోడల్, సైజూ కలిపి చూడాలి.

ఇప్పుడు సారు ఎస్‌డీబీ అని టైప్ చేయరు. ‘బై-ఐడీ’ ఫోల్డర్‌లో నా మోడల్, సీరియల్ ఉన్న పేరు వెతుకుతారు. నా వీపున చిన్న కాగితం అంటించి నంబరులోని చివరి నాలుగక్షరాలు రాశారు. ఇంకు చెరిగిపోయినప్పుడల్లా మళ్లీ దిద్దుతున్నారు.