రీసైకిల్ బిన్ అధికారి వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రీసైకిల్ బిన్ అధికారి వారి సముఖానికి, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మొదలు ఎల్బీనగర్ చౌరస్తా దాకా కోచింగ్ సెంటర్లలో కీబోర్డు కొట్టే డీటీపీ ఆపరేటర్ల తరఫున విన్నపం.

తమరు ఈ గదుల్లోకి తొంగిచూసి ఉండరు. నాలుగు కంప్యూటర్లు, బీరువా పక్కన దుమ్ము కొట్టుకున్న ఒక సర్వర్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన గ్రూప్స్ మోడల్ పేపర్లన్నీ అందరి స్క్రీన్ల మీదా జెడ్ డ్రైవ్‌గా కనిపించే ఆ సర్వర్‌లోనే ఉంటాయి. తెల్లారితే పరీక్ష అనగా ఎవరో పాతదనుకుని ‘ఫైనల్ కొత్తది 2’ ఫోల్డర్‌ను డిలీట్ కొడతారు. శాశ్వతంగా తీసేయమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. రోజూ అడిగేదేగా అని ఎంటర్ నొక్కేస్తారు. గుండె జారిన చేత్తో తమరి డబ్బా తెరిస్తే, ఖాళీ.

తమరి సంజాయిషీ తెలిసిందే. ఫైల్ ఉన్నది సర్వర్ డిస్కులో, తమరి కాపలా ఈ కంప్యూటర్ డిస్కుకే. మా లిమిట్స్ కాదు, అన్నమాట! పోలీసులకైతే ఈ మాట చెల్లదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కాగ్నిజబుల్ నేరం ఎవరి పరిధిలో జరిగినా ఫిర్యాదు రాసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. తమరికి అది వర్తించదు మరి.

తమరి పని చేయగల తమ్ముళ్లు సర్వర్‌లోనే ఉన్నారు. విండోస్ సర్వర్ 2003 నుంచీ షాడో కాపీ ఉంది. దాన్ని ఆన్ చేస్తే, మామూలు సెట్టింగులో పనిదినాల్లో ఉదయం 7కీ మధ్యాహ్నం 12కీ ఫోల్డర్ల రూపాన్ని దాచిపెడుతుంది. రైట్ క్లిక్ చేసి ‘ప్రీవియస్ వెర్షన్స్’లోకి వెళ్తే మధ్యాహ్నం నాటి పేపర్ చేతికొస్తుంది. సాయంత్రం దిద్దినవి మళ్లీ దిద్దుకోవాలి, అంతే. లినక్స్ మీద సాంబా నడిపేవారికి రీసైకిల్ అనే మాడ్యూలే ఉంది. అయితే రెండింటినీ ముందే ఆన్ చేసుకోవాలి. చేయలేదన్న సంగతి ఫైల్ పోయాకే బయటపడుతుంది!

అప్పుడిక రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటర్ సీట్లోంచి జెడ్ డ్రైవ్ మీద నడిపితే ఫలితం ఉండదు. సర్వర్‌లో ఎవరూ ఇంకేమీ సేవ్ చేయకుండా ఆపి, ఆ డిస్కునే తవ్వాలి. అది ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువే. ఖాళీ అయిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు తుడిచేస్తుంది.

కోచింగ్ సెంటర్లు కదా, ఇంతేలే అని తమరు నవ్వుకోకండి. 1998లో పిక్సార్‌లో ఎవరో కొట్టిన ఒక్క కమాండ్‌తో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు చాలావరకు ఎగిరిపోయాయి. బ్యాకప్ సరిగా లేదని అప్పుడే తెలిసింది. పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ కంప్యూటర్లో కాపీ ఉండబట్టి సరిపోయింది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, బాలింతను తెచ్చినంత జాగ్రత్తగా కారులో తెచ్చారు.

తమరి పరిధి పెంచమని ఎవరూ అడగడం లేదు. ‘ఇది సర్వర్, ఇక్కడ డబ్బా లేదు’ అని, శాశ్వతంగా తీసేయమంటారా అన్న ప్రశ్న పక్కన ఒక ముక్క చేర్పిస్తే చాలు.

ఇట్లు,
జెడ్ డ్రైవ్ బాధితులు

తా.క.: పేపర్ దొరికింది. ప్రూఫ్ చూసిన పాలిటీ సారు ఫోన్‌లో, వాట్సాప్ పీడీఎఫ్‌గా. అచ్చుతప్పులతో సహా.